పాట ఆగితేనే తలుపు తెరుస్తారు

క్రితం వారం చదవడం కుదరని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పోయిన సంగీతకారులను తలుచుకుంటూ రేడియోలో వారం వారం కార్యక్రమం చేసే ఆవిడను ఊరంతా నివాళి అక్కయ్య అంటారు. కళాకారులు బతికుండగానే ఆమె వాళ్ళను స్టూడియోకి పిలుస్తుంది. టేపు మిషను తిప్పి తాను బయటికి పోతుంది. వాళ్ళు ఒంటరిగా కూర్చుని తమ కథ తాము చెప్పుకుని, టేపు చుట్టకు కాగితం అంటించి ఇస్తారు. మనిషి పోయేదాకా ఆ కాగితం చింపరు. పోయాక, ప్రసారానికి ముందు, దగ్గరి బంధువు ఒకరికి వినిపిస్తారు. అది అక్కడి పద్ధతి. ఇప్పుడు వేణువు మాస్టారు పోయారు. టేపు వినవలసిన బావమరిది, ఒకప్పుడు మాస్టారి పక్కన జంటగా వాయించిన ఫిడేలాయన, కార్యక్రమం మొదలయ్యే వేళకు గానీ రాలేదు. అక్కయ్య వాయిదా వెయ్యకుండా, పాత జంట రికార్డును ప్రసారంలోకి వదిలి, అది తిరుగుతుండగానే టేపు వినిపించింది. తన పళ్ళు రాలగొట్టి వేణువు మాన్పించింది అందరూ అనుకున్నట్టు వీధి రౌడీలు కాదనీ, ఆ దెబ్బ ఇంట్లోనే తగిలిందనీ మాస్టారి గొంతు చెప్పింది. కొట్టిందెవరో చెప్పబోతుండగా ఫిడేలాయన మిషను ఆపి, తలుపు గడియ పెట్టాడు.

గడియ పడ్డ చప్పుడు చిన్నగానే వినిపించింది. ఆ గదిలో ఏ చప్పుడైనా చిన్నదే. గోడలకు చిల్లుల అట్టలు కొట్టి, వాటి వెనక దూది కుక్కారు. తలుపు మందం జానెడు. దాని మీద బయటివైపు ఎర్రదీపం వెలుగుతోందంటే లోపల ప్రసారం నడుస్తోందని అర్థం. అప్పుడు పెద్ద ఆఫీసరైనా సరే ఆ తలుపు మీద చెయ్యి వెయ్యకూడదు. లోపలివాళ్ళు నెత్తిన నోరు పెట్టుకుని అరిచినా వరండాలో కూర్చున్న మనిషి కాలు మీద కాలు తియ్యడు.

ఈ సంగతి అక్కయ్యకెంత తెలుసో ఫిడేలాయనకూ అంతే తెలుసు. నూనూగు మీసాలప్పటి నుంచి ఈ గదిలో వాయిస్తున్నవాడు.

“తలుపెందుకు వేశారు బాబాయ్?” అంది అక్కయ్య.

ఆయన బల్ల దగ్గరికొచ్చి, మైకు తీగను వేలికి చుట్టి ఒక్క గుంజు గుంజాడు. తీగ మొదలంటా ఊడివచ్చింది. దాంతోపాటు గోడ పెచ్చొకటి రాలి ఆమె కాగితాల మీద పడింది. ఊడిన తీగను బల్ల చివర పెట్టాడు. వాయిద్యానికి తీగ మార్చేటప్పుడు పాతది పక్కన పెట్టినంత నెమ్మదిగా పెట్టాడు. ఆ నెమ్మది చూశాకే ఆమె కుర్చీని మిషనుకు దగ్గరగా జరుపుకుంది.

“ఈ టేపు ఇంకెవరు విన్నారు?”

“ఎవరూ వినలేదు. కాగితం మీ ముందేగా చింపాను.”

“ఇంతకుముందు నీకు నోటితో ఏమైనా చెప్పాడా?”

“లేదు.”

ఆయన భుజాలు కాస్త దిగాయి. “మంచిది. నీకేం తెలీదు. నేనేం వినలేదు. చుట్ట నాకిచ్చెయ్. రికార్డు అయిపోయాక రెండో వైపు తిప్పు. తరవాత ఇంకో మైకు తగిలించుకుని మావాడు గొప్పవాడు, మంచివాడు, పోయాడు అని చెప్పు. ఊరు ఊరంతా ఏడ్చుకుని పడుకుంటుంది.”

“మాస్టారికి మాటిచ్చాను బాబాయ్. ఒక్క ముక్క కూడా కత్తిరించనని.”

“పోయినవాడు వచ్చి అడుగుతాడా?”

“అడగడు. అడిగేవాడైతే సర్దిచెప్పుకుందును.”

ఆయన చుట్ట మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. మరుక్షణం ఆయన రెండో చెయ్యి తిరగబడి ఆమె మూతి మీద పడింది. ఆమె కుర్చీతో సహా వెనక్కి ఒరిగి గోడకు కొట్టుకుంది. దూది గోడ తలను కాపాడింది గానీ, పెదవి పంటికి తగిలి చిట్లింది. నోట్లోకి ఉప్పగా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెను ఎవరూ గొంతు పెంచి కూడా పిలవలేదు.

గోడమీది చిన్న స్పీకరులో రికార్డు సాగుతూనే ఉంది. వేణువు ముందు నడుస్తోంది. ఫిడేలు వెనక అడుగులో అడుగు వేస్తోంది. బయట ఊరంతా ఇప్పుడు ఆ జంటనే వింటోంది.

మైకు తెగక ముందు ఆమె మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పి ఉంది. కొళాయి గొట్టాలు బిగించే పని చేసేవాడనీ, మొదటి వేణువు మిగిలిపోయిన గొట్టం ముక్కకు చిల్లులు పొడిచి చేసుకున్నాడనీ, పనిచేసే ఇళ్ళల్లో గొట్టంలో అడ్డేమైనా ఉందో లేదో ఊది చూపించేవాడనీ చెప్పింది. పెళ్ళయ్యాక బావమరిదితో జంట కట్టాడు. ఒకే ఒక్క రికార్డు ఇచ్చాడు. దాంతో పేరు ఊళ్ళు దాటింది. ఆ పేరు కొత్తగా ఉండగానే మూతి పగిలింది. తరవాత బతికినంత కాలం పిల్లలకు నేర్పాడు గానీ తాను ఊదలేదు. పై పెదవి కుట్టు పడి వంకరగా అతుక్కుంది. ముందు పళ్ళు పెట్టుడువి. “ఇప్పుడు నా మూతితో టీ కూడా సరిగ్గా ఊదలేను” అని తనే నవ్వేవాడు. టేపులో కూడా నవ్వుతూనే మొదలుపెట్టాడు. “నేను పోయాకే కదా వేస్తారు, అందుకని ధైర్యంగా చెప్తున్నా. నన్ను వీధిలో ఎవరూ కొట్టలేదు. మా ఇంట్లోనే, వంటగదిలో...”

అప్పట్లో ఆ ఇంట్లో ఉండేది మాస్టారూ, భార్యా, భార్య తమ్ముడైన ఈ ఫిడేలాయనా. ఇంకెవరూ లేరు.

అక్కయ్య గోడ పట్టుకుని లేచింది. పెదవి తుడుచుకుంది. ఆమె టేపులు దాచే బీరువాలో గొంతులు ఉన్నవాళ్ళెవరూ మెత్తగా బతికిపోయినవాళ్ళు కారు. బ్యాండులో బాకా ఊదిన పొడుగాయన కొట్లాటలో కన్ను పోగొట్టుకుని, ఆ సాయంత్రమే కట్టు కట్టుకుని ఊరేగింపులో ఊదినవాడు. పల్లవి అందుకుంటే హాలు ఊగిపోయేలా పాడిన పెద్దావిడ, మొగుడు తన వీపు మీద హార్మోనియం విరగ్గొట్టిన సంగతి చావు దాకా దాచుకుంది. అవన్నీ అక్కయ్య అక్షరం పొల్లుపోకుండా వేసింది. పెద్దావిడ టేపు వేసిన మర్నాడు ఆమె కొడుకులు స్టేషన్ కిటికీల మీద రాళ్ళు రువ్వారు. గాజు పెంకు గుచ్చుకుని వాచ్‌మన్ చెవి తెగింది. అయినా తరవాతి వారం ఆ బీరువా తెరుచుకుంది. బతికుండగా నోరు మూసుకున్నవాళ్ళకు పోయాకైనా ఒక్క గంట దక్కాలన్నది ఆమె పంతం. ఆ గంట కూడా లాక్కుంటే ఆ బీరువాలో ఉన్నదంతా ఉత్త చెత్త.

“నువ్వే కొట్టావు” అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. “బావ పక్కన నీ వాయింపు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆయన మూతి పగిలాకే నువ్వు ఒంటరిగా స్టేజీ ఎక్కావు. నీ పేరు అప్పుడే పైకొచ్చింది. అవునా, కాదా?”

ఆయన చుట్టను మిషను నుంచి లాగేశాడు. ఆమె వైపు చూసి, ఏదో బరువు దించుకున్నవాడిలా తల ఊపాడు.

“అవును. నేనే. పిడికిలితో కొట్టాను. చాలా? రాసుకుంటావా? రాసుకో. నన్ను పోలీసులకు పట్టించు. కానీ ఈ టేపు మాత్రం ఎవరూ వినరు.”

“ఒప్పుకున్నాక ఇంక టేపుతో నీకేం పని?”

“నీకెందుకు?”

జేబులోంచి లైటరు తీశాడు. చుట్ట కొస పట్టుకుని టేపును బారలు బారలుగా నేల మీదికి లాగడం మొదలుపెట్టాడు. గోధుమరంగు టేపు కాళ్ళ చుట్టూ కుప్ప పడుతోంది. మాస్టారి మాట తెగిన చోటు ఎక్కడో ఆ కుప్పలోనే ఉంది. మిషను నుంచి లాగినప్పుడు నలిగిన ఆ చోటును ఆయన వెతికి వెతికి పట్టుకుని, లైటరు వెలిగించాడు. టేపు మండలేదు. ముడుచుకుని, కరిగి, నల్లని చుక్కలుగా కారింది. కారుతున్నకొద్దీ గొంతు పట్టేసే కంపు.

అక్కయ్య బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు బరువు తీసి ఆయన మీదికి విసిరింది. అది చెంప ఎముక మీద తగిలింది. ఆయన మూలిగాడు గానీ లైటరు వదల్లేదు. ఆమె మీదపడి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, బొటనవేలి మొదట్లో కొరికింది. పళ్ళు దిగబడ్డాయి. లైటరు కిందపడి బల్ల కిందికి దొర్లిపోయింది.

“రాక్షసి!” అని ఆయన ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. ఒకసారి కాదు. ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. కిందపడ్డ ఆమె చేతికి టేపు దొరికింది. దొరికింది దొరికినట్టు గుండెకు అదుముకుని ముడుచుకుంది. ఆయన లాగాడు. టేపు ఆమె మెడ చుట్టూ మెలిపడింది. ఇద్దరూ చెరో కొసా లాగుతున్నారు. సన్నటి టేపు తెగకుండా సాగుతూ మెడలోకి దిగుతోంది.

“వదులు అమ్మాయ్. వదిలితే నేనూ వదుల్తాను. నీ మీద నాకేం కోపం లేదు.”

కోపం లేనివాడి మోకాలు ఆమె వీపు మీద ఉంది. ఫిడేలు తీగలు నొక్కి నొక్కి కొమ్ముల్లా గట్టిపడ్డ వేళ్ళు ఆమె భుజం కండలో దిగబడ్డాయి. ఊపిరి ఆడటం లేదు. ఆమె నోరు తెరిచి అరిచింది. అరుపు దూది గోడల్లోకి ఇంకిపోయింది. పక్క గదికీ ఈ గదికీ మధ్య అద్దం ఉంది. కానీ దానికి తెర వేసింది ఆమే. పోయినవాళ్ళ టేపు విని బంధువులు ఏడుస్తారు కదా, ఆ ఏడుపు ఇంజనీరు కంట పడకూడదని ప్రతిసారీ వేస్తుంది.

ఆ తెర వెనక ఇంజనీరు ఉన్నాడు. అతని ముందు మీటరులో సూది ఊగుతూ ఉంటుంది. అది ఊగుతున్నంతసేపూ అతను పేపరు చదువుకుంటాడు, పల్లీలు తింటాడు, ఒక్కోసారి కునుకు తీస్తాడు. అందుకే అతన్ని అందరూ కుంభకర్ణుడంటారు. కానీ సూది పడుకుందంటే మాత్రం గంట మోగుతుంది, అతను కుర్చీలోంచి ఎగిరి పడతాడు. ప్రసారంలో నిశ్శబ్దం పోతే మర్నాడు తిట్లు తినేది అతనే.

అక్కయ్యకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళుగా నిశ్శబ్దం పోకుండా చూడటమే ఆమె ఉద్యోగం. ఈ గదికి అరుపు విని ఎవరూ రారు. రావాలంటే పాట ఆగాలి.

స్పీకరులో వేణువు పై స్థాయికి ఎక్కుతోంది. ఆమె టేపు వదిలేసింది.

గుంజుతున్న బలానికి ఆయన వెనక్కి తూలి కుర్చీ మీద పడ్డాడు. ఆమె మెడ మీది మెలి ఊడదీసుకుంటూ, మోకాళ్ళ మీద పాకుతూ రికార్డు బల్ల దగ్గరికి చేరింది. బల్ల అంచు పట్టుకుని లేచి, తిరుగుతున్న రికార్డు మీది ముల్లును అరచేత్తో పక్కకు కొట్టింది. ఊరందరి ఇళ్ళల్లో ఒక్కసారిగా కర్రుమని చప్పుడు వచ్చి ఉంటుంది. ఇక ముల్లు మళ్ళీ పెట్టే వీలు లేకుండా రికార్డును పళ్ళెం నుంచి లేపి రెండు చేతులా పట్టుకుంది.

ఆయన అప్పటికే లేచి రెండడుగులు వేశాడు. ఆమె చేతుల్లో రికార్డు చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. ఇందాకటి నుంచి ఎర్రగా కందిన ముఖం తెల్లగా పాలిపోయింది.

“దాన్ని కింద పెట్టు.”

“టేపు బల్ల మీద పెట్టు.”

“అమ్మాయ్... అది ఒక్కటే ఉంది.”

ఆమెకు తెలుసు. అచ్చు వేసిన కంపెనీ ఎప్పుడో తగలబడిపోయింది. మాస్టారి ఇంట్లో ఉన్నది ఎలకలు బీరువా మీద నుంచి పడేస్తే పగిలిపోయింది. స్టేషన్‌లో మిగిలిన ఈ ఒక్కదాన్ని టేపు మీదికి ఎక్కించాలని ఆమె ఎప్పటికప్పుడు అనుకోవడమూ, రేపు చూద్దాంలే అని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టడమూ. ఆమె పోయినవాళ్ళను పోనివ్వకుండా పట్టుకోవడమే పనిగా బతికిన మనిషి. ఇప్పుడు మాస్టారి మాట ఫిడేలాయన కాళ్ళ దగ్గర, మాస్టారి పాట తన చేతుల్లో. రెండూ దక్కే దారి కనపడలేదు.

“ఇదొక్కటే ఉంది, టేపూ ఒక్కటే ఉంది. ఎవరిది వాళ్ళు కింద పెడదాం బాబాయ్.”

“అందులో ఉన్న ఊపిరి ఇంకెక్కడా దొరకదు. నీకు తెలీదు. నీకేం తెలీదు.” ఆయన గొంతు బతిమాలుతోంది. చెంప మీంచి కారిన రక్తం కాలరు మీద చారలు కట్టింది. “నన్ను కొట్టు, చంపు. దాన్ని మాత్రం...”

“అంత ప్రేమ ఉన్నవాడివి ఆ మూతి ఎందుకు పగలగొట్టావు?”

“పగలగొట్టాను. నా ఖర్మ. పగలగొట్టాను.”

“ఎందుకని అడిగాను.”

“అసూయ. చాలా? అసూయే.”

“ఏ చేత్తో కొట్టావు?”

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. జవాబు వెతుక్కున్నాడు. ఆ చూపు ఆమెకు అర్థం కాలేదు గానీ అడగడం ఆపలేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గోడమీది స్పీకరు నోరు మూసుకునే ఉంది. ఆమెకు కావలసింది అదే.

ఆయనకూ ఆ సంగతి తట్టింది. తల తిప్పి స్పీకరు వైపు చూశాడు. తెర వైపు చూశాడు. తెర వెనక గంట సన్నగా మోగుతోంది.

“ఓసినీ! ఇందుకా నన్ను మాటల్లో పెట్టింది!”

ఒక్క ఉరుకు ఉరికాడు. ఆమె రికార్డును వెనక్కి లాక్కోలేదు. తలమీదికెత్తి, ఆయన నుదుటి మీద శక్తికొద్దీ దింపింది. అది పింగాణీ పళ్ళెంలా పెటేలుమంది. ముక్కలు ఎగిరి గోడలకు తగిలాయి. సగం ముక్క ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్నైనా దక్కించుకోవాలని ఆయన ఎడమచేత్తో గట్టిగా పట్టేశాడు. ఆమె లాగింది. కత్తిలాంటి అంచు నాలుగు వేళ్ళనూ అడ్డంగా కోసుకుంటూ బయటికొచ్చింది. ఎముక తెల్లగా కనపడి, ఆ వెంటనే నెత్తురు కమ్మేసింది.

ఆయన చెయ్యి ముందుకు చాపి, వేళ్ళు ముడిచి చూశాడు. రెండు ముడుచుకున్నాయి. రెండు ముడుచుకోలేదు.

తలుపు దడదడలాడింది. “అక్కా! ఏమైంది? గాలిలో ఏమీ పోవట్లేదు! అక్కా, గడియెందుకు పెట్టారు?” కుంభకర్ణుడి గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

“పగలగొట్టు!” అని అక్కయ్య తలుపుకు మూతి ఆనించి అరిచింది. “పగలగొట్టరా తమ్ముడూ!”

బయట కాసేపు ఏమీ లేదు. ఎర్రదీపం వెలుగుతుండగా ఆ తలుపు ముట్టుకోవాలంటే అతనికి చెయ్యి రావటం లేదు కాబోలు. ఆ తరవాత గొడ్డలి దెబ్బ పడింది. నిప్పంటుకుంటే వాడటానికి వరండా గోడకు తగిలించిన గొడ్డలి అది. ఇంకో దెబ్బ. దూది, చెక్క పేళ్ళు లోపలికి ఎగిరిపడ్డాయి. ఫిడేలాయన ఈ లోగా నేల మీద కూలబడి, కుడిచేత్తో మిగిలిన టేపు కుప్పను ఒళ్ళోకి లాక్కుంటున్నాడు. లైటరు దొరకలేదు. టేపును పిడికిలితో నలుపుతున్నాడు, పళ్ళతో తెంపుతున్నాడు.

గడియ ఊడింది. ఇంజనీరు గొడ్డలితో సహా లోపలికొచ్చి పడ్డాడు. అక్కయ్య ముఖం చూశాడు, నేల మీది నెత్తురు చూశాడు. “ముసలోడివని ఊరుకుంటే...” అని గొడ్డలి తిరగేసి, కర్రతో ఫిడేలాయన భుజం మీద ఒకటి వేశాడు. ఎముక పలికింది. ఇంకోటి వెయ్యబోతుంటే వెనక నుంచి ఎవరో కర్ర పట్టుకున్నారు.

“కొట్టకు నాయనా. చాలు.”

మాస్టారి భార్య. తమ్ముడితో కలిసి వచ్చి, భర్త కార్యక్రమం ఇక్కడే వింటానని వరండాలో స్పీకరు కింద కూర్చుంది ఆవిడ. చిన్న మనిషి, నెరిసిన జుట్టు. పాట ఆగగానే లేచి ఇంజనీరు వెనకే వచ్చింది. గొడ్డలి దెబ్బలు పడుతున్నంతసేపూ తలుపు బయటే నించుంది.

“అక్కా, నువ్వు బయటికి పో” అన్నాడు ఫిడేలాయన. టేపును చొక్కా లోపలికి తోసుకుంటున్నాడు. “ఇక్కడేం లేదు. అంతా కాలిపోయింది. బావను కొట్టింది నేనేనని ఈ అమ్మాయికి చెప్పేశాను. ఒప్పుకున్నాను. అయిపోయింది. నువ్వు పో.”

ఆవిడ వంగి అతని పక్కన కూర్చుంది. తెగిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. సంచిలోంచి తువ్వాలు తీసి వేళ్ళను ఒక్కొక్కటే దగ్గరికి చేర్చి చుట్టింది. ముడుచుకోని వేళ్ళను చూసి కాసేపు పెదవి బిగబట్టింది.

“నీకు అబద్ధం ఆడటం చిన్నప్పుడూ చేతకాలేదురా” అంది. తల ఎత్తి అక్కయ్యను చూసింది. “ఆ రోజు వీడు ఊళ్ళోనే లేడమ్మా. ఆయన మూతి మీద ఇస్త్రీపెట్టెతో కొట్టింది నేను.”

ఇంజనీరు గొడ్డలి నేల మీద పెట్టాడు. పెట్టాక తన చేతులేం చెయ్యాలో తెలియక చిన్నపిల్లాడు నిక్కరుకు తుడుచుకున్నట్టు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“అక్కా...” అని ఫిడేలాయన ఏడవడం మొదలుపెట్టాడు. ఇంత రక్తం పోయినా ఏడవని మనిషి. “ఊరంతా నిన్ను దేవతంటారు. విరిగిన మూతికి జీవితమంతా గంజి పట్టిన ఇల్లాలంటారు. రేపు నీ ముఖాన ఉమ్మేస్తారే!”

“వెయ్యనీ. తుడుచుకుంటాను.” ఆవిడ లేచింది. “అమ్మా, మైకు ఉందా ఇంకోటి?”

“ఏదో ఒకటి వెయ్యండి అక్కా” అన్నాడు ఇంజనీరు. “గాలి ఖాళీగా పోతోంది. ఫోన్లు మొదలయ్యాయి. రెండో పళ్ళెం మీద ఏదో ఒక వాద్యం పెట్టెయ్యనా?”

“పెట్టకు” అంది అక్కయ్య. గొంతు బొంగురుపోయింది. మెడ చుట్టూ టేపు కోసిన గీత మండుతోంది. మాస్టారు చెప్పిన ఆ ఒక్క ముక్క నల్లటి చుక్కలై నేలకు అంటుకుపోయింది. మాట తప్పాను అనుకుంది. ఇప్పుడు ఎదుట నించున్న ఆవిడ ఆ ముక్క తాను చెప్తానంటోంది. చెప్పనిస్తే ఆవిడ రేపటి నుంచి ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు. వద్దంటే మాస్టారు ఈ రోజు రెండోసారి చచ్చినట్టు. “మీకు తెలిసే అడుగుతున్నారా? ఒకసారి ఈ మీట నొక్కాక నేను ఆపను. ఎవరి కోసమూ ఇప్పటిదాకా ఆపలేదు.”

“ఆపుతావేమోననే భయపడుతున్నాను” అంది ఆవిడ. “ఎందుకు కొట్టానో ఆయన కూడా టేపులో సగమే చెప్పి ఉంటాడు. మిగతా సగం చెప్పే ధైర్యం ఆయనకు పోయాక కూడా ఉండదు.”

అక్కయ్య అలమరలోంచి పాత మైకు తీసింది. ఇంజనీరు పక్క గదిలోకి పరిగెత్తి తీగ కలిపాడు. ఆమె అద్దం మీది తెరను తానే పక్కకు లాగేసింది. ఇంజనీరు అవతల నుంచి చెయ్యి ఊపాడు. ఆమె మీట నొక్కింది.

ఆవిడ మైకుకు దగ్గరగా జరిగింది. ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి తీసుకున్న తీరు చూసి అక్కయ్య చెయ్యి మీట మీదే ఉండిపోయింది. నోటితో కాదు, పొట్టలోంచి, చప్పుడు లేకుండా, నిండుగా తీసుకుంది.

“నేను వేణువు మాస్టారి భార్యను” అంది. “ఇందాక మధ్యలో ఆగిపోయిన రికార్డు విన్నారు కదా. అందులో ఫిడేలు మా తమ్ముడిది.”

నేల మీద నుంచి ఫిడేలాయన “అక్కా, వద్దే” అన్నాడు. ఆవిడ అతని వైపు తిరగలేదు. కాలి దగ్గర పడి ఉన్న నల్లటి పెంకు ముక్కను చూస్తూ చెప్పింది.

“వేణువు ఆయనది కాదు. నాది.”